గంట కొట్టనన్న జయమ్మ

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న అనాథ బాలికల ఆశ్రమానికి జయమ్మ మేట్రన్. కమిటీ పెద్దలు మాత్రం ఆమెను వంటామెతోనూ కాపలా మనిషితోనూ కలిపి "మా పనివాళ్లు" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా జయమ్మ పళ్లు నూరేది. నూరి ఊరుకునే రకమైతే ఆమె గురించి చెప్పుకోవలసిందేమీ ఉండేది కాదు.

ఆమెది చాదర్‌ఘాట్. చిన్న వయసులోనే భర్త పోతే అన్నగారింట్లో చేరింది. అన్న చెడ్డవాడేం కాదు, "నీ ఇల్లే అనుకో" అన్నాడు. ఆమె అలాగే అనుకుని అందరికంటే ముందు లేచింది, అందరూ తిన్నాక తిన్నది, అంట్లు తోమింది, వాళ్ల పిల్లల్ని పెంచింది. ఒకనాడు ఇంటి తాళంచెవి అడిగితే "నీకెందుకమ్మా తాళంచెవి?" అని వదిన నవ్వింది. ఆ నవ్వుతోనే జయమ్మ ఆ ఇంట్లోంచి బయటపడింది. కుట్టుపని చేతిలో ఉంది గనక ఆశ్రమంలో కొలువు దొరికింది.

అందుకే ఆశ్రమంవారి ఒక ఆనవాయితీ చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. పిల్లకు పద్దెనిమిదేళ్లు నిండేసరికి పెళ్లి కుదరకపోతే "మంచి కుటుంబానికి అప్పగించడం" అని ఒకటుండేది. మంచి కుటుంబమంటే తిండీ బట్టా పెట్టి బతికినన్నాళ్లూ చాకిరీ చేయించుకునే కుటుంబం. జీతం మాట ఎవరూ ఎత్తరు. ఎత్తిన పిల్లకు విశ్వాసం లేదంటారు.

పంతొమ్మిదివందల ముప్పైల చివర్లో శశికళ వంతు వచ్చింది. పసిగుడ్డుగా స్టేషన్‌లో దొరికిన పిల్ల, పేరు కూడా ఆశ్రమం పెట్టిందే, కుట్టుపని జయమ్మ నేర్పిందే. ఆశ్రమం సెక్రటరీ వకీలు వామన్‌రావు ఆమెకు సుల్తాన్ బజార్‌లో తన మేనత్తగారి ఇల్లు ఖాయం చేశాడు.

"అత్తమ్మ ముసల్దైంది. గీ పిల్ల గాడుంటే ఇద్దరికీ ఆసరా," అన్నాడు.

"ఆసరా అత్తమ్మకే వకీల్‌సాబ్, పిల్లకేముంది గాడ? నేను ఆబిడ్స్‌ల బాలకిషన్ దర్జీ దుకాణంల పని మాట్లాడిన. గీడనే నాంపల్లిల ఒక అర్ర కిరాయికి చూసిన. తన బతుకు తాను బతుకుతది."

"ఆడపిల్ల ఒక్కతా? లోకమేమంటది?"

"పొత్తిళ్లల్ల స్టేషన్‌ల పడున్ననాడు లోకమేమన్నది? ఏమనలే గద. ఇప్పుడు గూడ ఊకుండమనుండ్రి."

వామన్‌రావు ఒంటికాలి మీద లేచాడు. గంటసేపు వాదన జరిగాక నెల గడువిచ్చాడు. ఈలోపు ఏ తేడా వచ్చినా తానే టాంగా తెచ్చి పిల్లను సుల్తాన్ బజార్‌లో దింపుతానన్నాడు. జయమ్మ సరేనంది.

సరే అనడం తేలికే. ఆశ్రమంలో ఉప్పూ పప్పూ బస్తాల్లో దిగేవి. ఏ పిల్లా ఒక ఉల్లిగడ్డ కొని ఎరగదు. అర్రలో దింపకముందే జయమ్మ శశికళను వెంటబెట్టుకుని తిప్పింది. ఆబిడ్స్‌లో మోటార్ల మధ్య రోడ్డు దాటడం నేర్పింది. తాళం వేయడం, వేసిన తాళాన్ని ఒకసారి లాగి చూడడం నేర్పింది. మొదటిసారి వంకాయలకు పంపితే ఆ పిల్ల కొట్టువాడు అడిగినంతా ఇచ్చి, పైగా దండం పెట్టి వచ్చింది. నాలుగోసారికి వాడే దండం పెట్టేలా బేరమాడింది. జయమ్మ పొంగిపోయింది.

ఆ అద్దెగదిలో దిగిన మొదటిరోజు శశికళ వండిన అన్నం సందంతా తిన్నది. ఆశ్రమమంతటికీ పెద్ద దేగిశాల్లో తప్ప వండి ఎరగని చెయ్యి మరి! అందరూ పెద్దమ్మ అని పిలిచే ఇల్లుగలామె కడుపు పట్టుకుని నవ్వింది. మర్నాటినుంచి కొలత కుదిరింది. దుకాణంలో బాలకిషన్ ఆమెకు దొరసాన్ల గౌన్లు కూడా కుట్టనిచ్చాడు. అంతా బాగానే ఉందనుకుంటున్న వేళ బాలకిషన్ ఆశ్రమానికి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, పిల్ల చెయ్యి బంగారం. గని ఇయ్యాల మిషను మీదనే సోలిపడ్డది. ఇంటికి పంపిన. కడుపుకు తింటలేదేమో చూడుండ్రి."

జయమ్మ కాళ్లకు చెప్పుల్లేకుండా ఉరికింది. గుమ్మంలో ఎదురైన పెద్దమ్మను, పిల్లను పట్టించుకోవా అని నిలదీసింది.

"నన్నంటవేంది? పొద్దుగాల వండుతది. కుండ ముంగట కూసుంటది. మల్ల మూత పెట్టి పనికి పోతది. దుకాణంల ఎవరన్న తినమంటే నాలుగు మెతుకులు తింటదట, గంతే."

లోపల శశికళ గోడకు ఆనుకుని ఉంది. పక్కన అన్నం అలాగే ఉంది.

"ఏమైందే?"

"ఆకలైతదమ్మా. ముద్ద గూడ కలుపుత. గంట కొట్టకముందే తింటున్న, ఎవరో చూస్తున్నరు అనిపిస్తది. చెయ్యి లేస్తలేదు."

ఆశ్రమం వాకిట్లో గంట బదులు ఒక రైలుపట్టా ముక్క వేలాడుతుండేది. జయమ్మ ఇనపకడ్డీతో దాన్ని కొడితే లేవాలి, కొడితే తినాలి, కొడితే పడుకోవాలి. గంటకు ముందు మెతుకు ముట్టిన పిల్ల ఆ పూట ఎండలో పస్తు నిలబడాలి. సెక్రటరీ వస్తే చెయ్యి కంచంలో ఉన్నా లేచి నిలబడాలి. క్రమశిక్షణ అని వామన్‌రావు వచ్చినవాళ్లందరికీ గొప్పగా చూపించేవాడు.

జయమ్మకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రోడ్డు దాటడం నేర్పవచ్చు, బేరం నేర్పవచ్చు, తన అన్నం తాను తినడం నేర్పాలని ఎవరికి తోస్తుంది? తినమని అనబోయి నాలుక కరుచుకుంది. తాను చెబితే ఈ పూట తింటుంది, రేపు మళ్లీ అనడానికి ఎవరో ఒకరు ఉండాలి. అందుకని మాట్లాడకుండా కంచం తీసుకుని, తనకు తానే వడ్డించుకుని, శశికళ ఎదురుగా కూర్చుని తిన్నది. పిల్ల చాలాసేపు చూసింది. జయమ్మ కంచం సగమయ్యాక తానూ ఒక ముద్ద పెట్టుకుంది.

జయమ్మ ఆశ్రమానికి తిరిగొచ్చి, అందరూ చూస్తుండగా ఆ ఇనపకడ్డీని బావిలో పడేసింది.

"రేపటినుంచి గంట లేదు. ఎవరికి ఆకలైతే వాళ్లు వండుకుంటరు, తింటరు."

రెండురోజులు వంటింట్లో పెద్ద రభసే జరిగింది. ఒకరు మాడ్చారు, ఒకరు అర్ధాకలితో ఏడ్చారు, ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. కమిటీకి కబురందింది, దాంతోపాటు శశికళ సోలిపడిన సంగతి కూడా. శుక్రవారం దుకాణానికి సెలవు. మధ్యాహ్నం వామన్‌రావు టాంగా కట్టించుకుని, "నీ కండ్లతోనే చూద్దువు రా" అని జయమ్మను ఎక్కించుకుని నాంపల్లి అర్ర ముందు దిగాడు.

తలుపు తెరిచే ఉంది. శశికళ తింటోంది.

వామన్‌రావును చూడగానే ఆమె మోకాళ్లు కదిలాయి. జయమ్మ నోటిదాకా "లే" అన్న మాట వచ్చేసింది, ఇన్నేళ్ల అలవాటు మరి. పెదవి కొరికి ఆపుకుంది. శశికళ మాత్రం మళ్లీ బాసింపట్టు సర్దుకుని కూర్చుంది.

"తింటున్న వకీల్‌సాబ్. జర ఆగుండ్రి."

"నేనొచ్చిన, కనవడ్తలేదా? లే! టాంగా ఎక్కు!"

శశికళ ఇంకో గరిటె అన్నం వడ్డించుకుంది.

"నా ఇంటికొచ్చిన్రు. వంకాయకూర వండిన, మీకు గూడ పెట్టాల్నా?"

వామన్‌రావు మొహం కందగడ్డలా అయింది. జయమ్మ వైపు తిరిగాడు.

"నీ నౌకరీ పోయింది."

"మంచిది. అత్తమ్మకు ఇంకెవరినన్న చూసుకోండ్రి," అంది జయమ్మ, గుమ్మం దాటి లోపలికి వెళ్తూ.

టాంగా ఖాళీగా సుల్తాన్ బజార్ వైపు వెళ్లిపోయింది. జయమ్మ ఆ పక్క అర్రే కిరాయికి తీసుకుని మిషను పెట్టుకుంది. నలభైలు మొదలయ్యాక ఆశ్రమం వదిలిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మొదట ఆ గడపలోనే దిగేవారు. వచ్చిన పిల్ల చేతిలో జయమ్మ ముందుగా తాళంచెవి పెట్టేది. తర్వాత శశికళ కంచం చూపించి, తినేటప్పుడు ఎవరొచ్చినా లేవొద్దని చెప్పేది.