మా చలివేంద్రం ముందు జీవరత్నం సారు

మా పట్నం చెరువును ఇప్పుడు నగరవనం చేశారు. కట్ట మీద ఎర్రమట్టి నడకదారి వేసి, పక్కనున్న కుంటను కూడా తవ్వి చెరువులో కలిపి, అక్కడక్కడ సిమెంటు బల్లలు పెట్టారు. మొన్న ఎండాకాలం పొద్దున నడుచుకుంటూ పోతుంటే, దారి మలుపులో ఎవరో పుణ్యాత్ములు నడిచేవాళ్ల కోసం కొత్త కుండలు పెట్టి, వాటికి తడిగుడ్డ చుట్టి ఉంచారు. తడిసిన మట్టి వాసన ముక్కుకు తగిలింది. నాతో నడుస్తున్న పెద్దమనిషి ఆగి ఒక గ్లాసు ముంచుకుని, నాకూ ఇవ్వబోయాడు. వద్దన్నాను. వెనక్కి వచ్చి బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఆ సాయంత్రం డైరీలో జీవరత్నం సారు పేరు రాసి, కింద ఏమీ రాయలేకపోయాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కడప నుంచి కర్నూలు పోయే దారిలోని మా పట్నంలో, పందొమ్మిదివందల యాభైలలో ఆయన మాకు హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మోచేతుల దగ్గర అతుకులున్న నల్ల కోటు, శుభ్రంగా తుడిచిన బూట్లు. దగ్గరి పల్లెలో ఎప్పటినుంచో ఉన్న చర్చి పక్కన వాళ్ల ఇల్లు. శనివారాలు ఒంటిపూట బడి అయ్యాక, ఎండ కాస్త వాలగానే, ఇష్టమున్న పిల్లల్ని చెరువు చుట్టూ తిప్పేవారు. జీతానికి సంబంధం లేని పని అది. పిట్టల పేర్లు ముందుగా చెప్పేవారు కాదు. తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టి, పిట్ట మనల్ని మరిచిపోయేదాకా కదలొద్దనేవారు. బుడబుంగ మునిగి, మనం అనుకోని చోట తేలేది. నీటికాకి రాయి మీద రెక్కలు ఆరబెట్టుకునేది. తర్వాత కాగితం తీయమనేవారు. "కంటికి కనపడింది ముందు రాయండి. మీరు అనుకున్నది తర్వాత" అనేవారు. నేను రెవెన్యూ శాఖలో పనిచేసినన్నాళ్లూ ఏ పొలం గొడవకు పోయినా అట్లాగే రాసుకున్నాను. ఇన్నేళ్లు డైరీ రాయడమూ అక్కడ నేర్చిందే.

ఆ నడక సాగడానికి ఒక కారణం ఉండేదని నాకప్పుడు తెలియదు. సారు పుట్టిందెక్కడో, వాళ్లను ఊళ్లో ఎక్కడ నిలబెడతారో ఎవరూ నోరు తెరిచి అడగలేదు. పిల్లల ఇళ్లల్లో పెద్దలకు తెలిసే ఉంటుంది. బడి బడిలాగే ఉన్నంతకాలం వాళ్లు ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం మీదనే మా శనివారాలు నడిచాయి.

చెరువు మలుపులో వేసవి పొడుగునా మా నాయన చలివేంద్రం పెట్టించేవాడు. మా తాత పేరు మీద. నాయనకు బజారులో బట్టల అంగడి. ఈతాకుల పందిరి కింద కుండలు పెట్టుకుని ఓబులమ్మ అనే ముసలామె కూర్చునేది. లోపలికి వచ్చేవాళ్లకు ఇత్తడి గ్లాసుతో ఇచ్చేది. పందిరి పక్కన తడిక సందులోంచి ఒక వెదురుగొట్టం బయటికి వాలి ఉండేది. కొందరికి లోపలినుంచి దాంట్లో నీళ్లు వంచేది, వాళ్లు బయట వంగి దోసిళ్లు పట్టేవాళ్లు. అది చెప్పుల్లేనివాళ్ల కోసమని నేను అనుకున్నాను. మా సారుకు బూట్లు ఉన్నాయి కదా.

ప్రతి శనివారం ఆయన ఆ పందిరిని చూడనట్టే దాటిపోయేవారు. ఒక శనివారం ఎండ మరీ ఎక్కువగా ఉంది. మా చలివేంద్రమని తోటిపిల్లలకు చూపించుకోవాలని నాకు మహా సరదా.

"సార్, ఇది మాదే. రాండి సార్, నీళ్లు తాగండి" అన్నాను.

దాహం లేదన్నారు. నేను వినలేదు. పిల్లలు కూడా నాతో గొంతు కలిపారు. ఆయన కోటు చెయ్యి పట్టి లాగాను. ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, సరే అన్నట్టు తలూపి వచ్చారు. పందిరిలోకి రాలేదు. తడిక పక్కన నిలబడ్డారు.

ఓబులమ్మ ఆయన్ను గుర్తుపట్టి ముఖమంతా నవ్వింది. ఆమెది సారు వాళ్ల పల్లెకు పక్క ఊరే.

"బాగుండావా అప్పా? మీ అమ్మకు కాలునొప్పి తగ్గిందా?" అని ప్రేమగా అడుగుతూనే చెంబు ముంచి గొట్టంలో వంచింది.

"తగ్గింది పెద్దమ్మా" అంటూ సారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. నడుము వంచి దోసిలి పట్టి తాగారు. కోటు చేతులు తడిశాయి. మూతి తుడుచుకుని, పొద్దు దిగేలోపల ఆ మూలకు చేరాలి పదండి అన్నారు. కాస్త దూరం పోయాక, మా తరగతి పిల్లవాడు మద్దిలేటి నా పక్కకు వచ్చి, "ఏమప్పా, మీ ఇంటి మర్యాద శానా బాగుండాది" అన్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా నాయనను అడిగాను, సారుకు గ్లాసు ఎందుకు ఇవ్వకూడదని. ఆయన కోపగించుకోలేదు. మజ్జిగ పోసుకుంటూ, "నీళ్లు లేదనలేదు గదరా" అన్నాడు. నిజంగా తనవల్ల ఒక మేలు జరిగిందనే ఆయన నమ్మకం. మా నాయన చెడ్డవాడై ఉంటే నాకు ఈ సిగ్గు కొంత తేలికయ్యేది.

సంగతి ఇళ్లకు చేరింది. అంతదాకా ఊరుకున్న పెద్దలకు ఇక ఊరుకోవడం కుదరలేదు. తర్వాతి శనివారం వచ్చింది నేనూ, మద్దిలేటీ, మరో ఇద్దరే. సారు మమ్మల్ని చూసి, మిగతావాళ్లు ఏరని అడగలేదు. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మరవ వైపు నుంచి పోదాం సార్ అన్నాను.

"ఎందుకప్పా? నీటికాకులు ఈ పక్కనే ఉండాయి గదా" అన్నారు.

పాత దారినే నడిచాం. చలివేంద్రం రాగానే నేను గబగబా పోయి తడిక బయట, గొట్టం కింద దోసిలి పట్టి నిలబడ్డాను. వారమంతా అదే అనుకుంటూ గడిపాను. ఓబులమ్మ నవ్వింది.

"ఆడ నిలబడతావేందప్పా, లోపలికి రా."

"దీంట్లోనే పొయ్యి" అన్నాను.

ఆమె నవ్వు పోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మీ నాయనకు తెలిస్తే నన్ను ఉంచుతాడా? నా కూడు తీయొద్దప్పా" అంటూ లేచి బయటికి వచ్చి, ఇత్తడి గ్లాసు నిండా నీళ్లు నా చేతిలో పెట్టింది. తీసుకోకుంటే నీళ్లు ఆమె చీర మీద ఒలికేవి. తీసుకున్నాను. ఏం చేయాలో తెలియక సారు వైపు చూశాను. ఆయన చెరువు వైపు చూస్తున్నారు.

"తాగప్పా. పెద్దామెను ఎండలో నిలబెట్టొద్దు" అన్నారు, తల తిప్పకుండానే.

ఆ ఏడాది చివర ఆయనకు బదిలీ అయ్యేదాకా మా నలుగురినీ ఆ దారినే తిప్పారు. ఆ గ్లాసు గురించి సారూ నేనూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. మా నాయన పోయేదాకా ఆ గొట్టం అక్కడే ఉంది. చూసింది రాయడం సారు దగ్గర నేర్చుకున్నవాణ్ణి, ఇది మాత్రం ఇన్నాళ్లూ రాయలేదు. ఆ రోజు నాకు బాగా దాహంగా ఉంది. సారు అంత దగ్గర్లో నిలబడి ఉండగా గ్లాసు ఎత్తి, అడుగు కనిపించేదాకా తాగాను. నీళ్లు చల్లగా, ఎంతో కమ్మగా ఉన్నాయి.