గొట్టమా, కత్తా?

ఇరవై నాలుగేళ్ల వయసులో మనిషికుండే తెలివి మీద నాకు బొత్తిగా గౌరవం లేదు, ఎందుకంటే ఆ రోజుల్లో అది నా దగ్గర దండిగా ఉండేది. తాండూరులో నాపరాళ్లు కోసి పాలిష్ పెట్టే యూనిట్లో నేను సూపర్‌వైజర్‌ని. కోత యంత్రం దగ్గర నిలబడితే నీళ్లు చిమ్మి చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. అతుక్కుంటే నా ఛాతీ ఆడపిల్ల ఛాతీలా ఉబ్బి కనిపిస్తుంది. అందుకని ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చుని, అక్కణ్ణుంచే పనివాళ్ల మీద అరిచేవాణ్ణి. (అరిచేవాడే మంచి సూపర్‌వైజర్ అని మా యజమాని నమ్మాడు. ఇద్దరికీ బుద్ధి లేదు.)

ఇంతలో పెళ్లి కుదిరింది. పెళ్లంటే భయం లేదు, నలుగంటేనే. వికారాబాద్‌లో మా ఇంటి ముందు పీట మీద, అంగీ లేకుండా, వాడంతా చూస్తుండగా కూర్చోవాలి. మా అవ్వ (నాయన తల్లి) స్వయంగా నలుగు పిండి రుద్దుతుంది. అందరూ నవ్వుతారు, ఆ నవ్వు పూడూరులో అమ్మాయి వాళ్లింటి దాకా పోతుంది అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా సర్జన్ దగ్గరికి వెళ్లాను.

ఆయన నొక్కి చూసి, "తమ్మీ, చుట్టూత కొవ్వుంది, నడుమ గట్టి గడ్డుంది. కొవ్వునైతే గొట్టంతోని గుంజుతం, గాటు పెద్దగ కనపడది. గడ్డ గొట్టానికి రాదు. చనుమొన అంచుకు కోసి తియ్యాలె, జర మచ్చ ఉంటది. నన్నడిగితే రెండూ చేయించుకో" అన్నాడు. తరవాత ఇంకా ఏదో చెప్పాడు. గొట్టంతో సరిపెడితే గడ్డ మిగులుతుంది, కోస్తే మచ్చ మిగులుతుంది అన్న దగ్గరే నా చెవులు మూతపడ్డాయి.

వారం రోజులు ఆలోచించాను, ఆరోగ్యం గురించి మాత్రం కాదు. మా అవ్వ వేళ్లు బియ్యంలో రాయిని చూడకుండానే పట్టేస్తాయి. గడ్డ మిగిలితే దొరికిపోతాను. కళ్లకేమో శుక్లాలు, మచ్చ కనబడదు. కనుక కత్తి కూడా పడాల్సిందే. వైద్యులు ఇన్నేళ్లు కష్టపడి కనిపెట్టిన పద్ధతుల మధ్య ఒక ముసలమ్మ శుక్లాలను బట్టి తీర్పు చెప్పిన పండితుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఆపరేషన్ చక్కగా జరిగింది. మెలకువ వచ్చి చూసుకుంటే ఛాతీకి ఊపిరాడనంత బిగుతు బనీను ఉంది. "గిది ఎప్పుడు విప్పుతరు సార్?" అని అడిగాను.

"నెల దాటాలె. మొన్ననే చెప్తి కద, తల గూడ ఊపితివి" అన్నాడు డాక్టరు.

నలుగు రెండు వారాల్లో ఉంది. బండి మీంచి పడ్డానని, పక్కబొక్క (పక్కటెముక) విరిగిందని ఇంట్లో అబద్ధం చెప్పాను. అమ్మ ఏడ్చింది. దానికి ఇప్పటికీ తల దించుకుంటాను. కాబోయే అత్తగారు బొక్క అతకాలని మేక కాళ్లు పంపితే, సిగ్గు లేకుండా పాయ చేయించుకుని తాగాను. నలుగు నాడు ఆ బనీనుతోనే పీట మీద కూర్చున్నాను.

"పెండ్లిపిల్ల కంటె ముందుగాల పిలగానికే జాకెట్ కుట్టించిన్రా ఏంది?" అన్నాడు మా అక్క మొగుడు. ఏ మాట తప్పించుకోవడానికి కోయించుకున్నానో ఆ మాటే వచ్చింది. వాడంతా నవ్వింది.

"పక్కబొక్క ఇరిగిందని చెప్పలే? నీది ఇరిగితే తెలుస్తది. ఊకో" అని అవ్వ అతన్ని గద్దించింది. బనీను మీదనే మెల్లగా నలుగు పూస్తూ, నా చెవి దగ్గరికి వంగింది. "మీ తాతకు గూడ రొమ్ము గిట్లనే ఉండె కొడుకా. గాయన అంగీ ఏసుకునేటోడే కాదు. గొర్ల ఎంబడైనా, సంతకైనా భుజం మీద గొంగడే."

"ఎవ్వరు నవ్వలేదా అవ్వా?"

"నవ్విన్రు. గాయన గూడ నవ్విండు."

తాతను నేను చూడలేదు. ఆపరేషన్ మీద నాకు ఫిర్యాదేమీ లేదు, చొక్కాలు ఒంటి మీద బాగానే కూర్చుంటున్నాయి. కానీ పసుపు కారే బనీనులో, పండితుడి ముఖం పెట్టుకుని పీట మీద కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తే ఒక్కణ్ణే ఉన్నా నవ్వొస్తుంది. తాత ఉంటే ఇద్దరం నవ్వేవాళ్లం.