డాలు లేని రాణి

సేనాపతి తన సైన్యాన్ని మనుషుల పళ్లతో తయారు చేస్తున్నాడని వీధిలో ఒక పుకారు ఉండేది. అది పుట్టింది మూల మీద కిరాణా కొట్టావిడ నోట. పంచదార పొట్లం కడుతూ ఆవిడ గొంతు తగ్గించేది.

"క్లినిక్‌లో పీకిన పళ్లన్నీ డబ్బాలో వేసి ఇంటికి పట్టుకుపోతాడట. ఒక్కో పన్నుకీ ఒక్కో సిపాయిని అంటిస్తాడట. బీరువా నిండా అవే. ఈ కళ్లతో చూశాను."

చూసిన మాట నిజమే. అద్దాల బీరువాలో రెండు వందల పైచిలుకు సిపాయి బొమ్మలు, ఒక్కొక్కటీ బొటనవేలంత, వరసలు తీరి ఉండేవి. ఒక్కొక్కడి చేతిలో డాలుకు బదులు ఒక పన్ను.

సేనాపతి అన్నది వీధి పెట్టిన పేరు. ఆయన చేసేది కట్టుడు పళ్లు. డాక్టరమ్మ క్లినిక్ వెనక గదిలో వారంలో ఆరు రోజులు అదే పని. కొత్త పళ్లు కంపెనీ నుంచి ఆరేసి చొప్పున వరసగా వస్తాయి. ఎవరికైనా ఒక్కటే కావాలంటే వరస విరవాలి. మిగిలిన ఐదూ సిపాయిల చేతుల్లోకి వెళ్లేవి. ఆ సిపాయిల్ని కూడా చిగుళ్లకు వాడే గులాబీ రంగు ముద్దతోనే పోత పోసేవాడు.

ఆదివారం వస్తే ఆ సైన్యాన్ని పెట్టెలో సర్దుకుని ఆటల హాలుకు బయలుదేరేవాడు. అక్కడ బల్లల మీద అట్టకొండలు, నాచు అడవులు పరిచి, టేపుతో అడుగులు కొలిచి, పాచికలు వేసి, రాక్షసులూ మంత్రగాళ్లూ యుద్ధం చేస్తారు. ఎవరి సైన్యానికి వాళ్లదే కథ. బస్సు డ్రైవరుది డ్రాగన్ల దండు. సేనాపతిది నవ్వుల రాజ్యం. ముందు వరస డాళ్లు పాలనురుగు రంగులో, ఆపైన వరస వరసకీ ఒక ఛాయ ముదిరి, చివరికి పొగాకు దళం. ఆ సైన్యం ఎదురుగా నిలబడితే శత్రువుకు భయం కలగదు గానీ, నాలుక తనంతట తానే వెళ్లి పుచ్చిన పన్నును తడుముకునేది.

ఇంత చేసినవాడు డాళ్లు మాత్రం ఏనాడూ పూర్తిగా ఉండనిచ్చేవాడు కాదు. అదీ ఆయన పిచ్చి.

"సేనాపతిగారూ, మూడో వరసలో వీడి డాలు ఏదండీ?" అనేవాడు డ్రైవరు.

"సెలవు మీద వెళ్లింది."

"ఎప్పుడొస్తుంది?"

"దీర్ఘకాలం సెలవండీ."

హాలులో తీర్పరి పాత డ్రాయింగు మాస్టారు. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని ప్రతి ఆదివారం ఒకే మాట చెప్పేవాడు: "బొమ్మ మీద లేనిది ఆటలో లేదు." డాలు లేని సిపాయి ఒక్క దెబ్బకే పోతాడు. పోయేవాడు. సేనాపతి పదకొండేళ్లు వరసగా ఓడిపోయాడు.

"యుద్ధానికి వెళ్లి ఓడినవాళ్లున్నారు. ఓటమిని ఇంట్లోనే సర్దుకుని పెట్టెలో పెట్టుకుని వెళ్లేది ఈయనొక్కరే," అనేది ఆయన భార్య.

బీరువా దులిపే పని ఆయన మరదలిది. ఎనిమిదో తరగతిలో అమ్మకు జబ్బు చేసి బడి మానేసిన పిల్ల, అమ్మ పోయాక అక్క ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఇరవై రెండేళ్లు. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది.

"బావగారూ, ఈ వారం ఇంకో రెండు డాళ్లు పోయాయి. ఎలుక ఎత్తుకుపోతోందేమో."

"ఎలుకకి పళ్లు కరువా అమ్మడూ?" అనేసి పేపరు చాటుకు వెళ్లిపోయేవాడు.

ఆరు నెలల కిందట మేడమెట్ల మీద జారి ఆమె ముందుపన్ను ఒకటి ఊడింది. అప్పటినుంచి కుడిచెయ్యి నోటికి తలుపైంది. సేనాపతి మూడుసార్లు పన్ను చేసి పెట్టాడు. ఆమె పళ్లు చిన్నప్పటి మందుల వల్ల తేనెలో బూడిద కలిపిన రంగులో ఉంటాయి. ఆ ఛాయ ఏ పెట్టెలోనూ రాదు. మూడో పన్ను పెట్టుకుని కొట్టుకు వెళ్లిన రోజున కొట్టావిడ తేరిపార చూసింది.

"అన్ని గోడలూ పాతవే, ఒక్కదానికే సున్నం కొట్టించుకున్నావేమే?"

మరదలు ఇంటికొచ్చి ఆ పన్నును అగ్గిపెట్టెలో పెట్టేసింది.

సేనాపతి ఊరుకోలేదు. అన్నం తింటూ ఆమె నోటికేసి చూసేవాడు. పంటి రంగు ఎండలోనే చూడాలని ఆయన నియమం. "దీపం అబద్ధం చెబుతుంది," అనేవాడు. క్లినిక్‌కు వచ్చినవాళ్లని రోడ్డు మీదికి లాక్కొచ్చి నోరు తెరిపించేవాడు. ఆ దారిన పోయే పోస్టుమాన్ కూడా సైకిలు ఆపి, తొంగి చూసి, తన అభిప్రాయం చెప్పి వెళ్లేవాడు. మరదలు మాత్రం ఎండలోకి వస్తే చెయ్యి తీసేది కాదు.

ఇలా ఉండగా డాక్టరమ్మ కబురు పంపింది. క్లినిక్‌లో చీటీలు రాసి, పేర్లు పిలవడానికి ఒక మనిషి కావాలి.

"నీ రాత ముత్యాల్లా ఉంది," అంది డాక్టరమ్మ. "కానీ పళ్ల ఆసుపత్రిలో పేర్లు పిలిచే అమ్మాయే నోరు మూసుకుని కూర్చుంటే వచ్చినవాళ్లు ఏమనుకుంటారు? సోమవారం రా. ఆ చెయ్యి ఇంట్లో పెట్టి రా."

బడి మానేశాక తన గొంతు నలుగురి మధ్య పలికే అవకాశం రావడం ఆమెకు అదే మొదటిసారి. ఎంత కావాలనిపించిందో అంత భయం వేసింది. ఆదివారం పొద్దున్న బావ ముందు నిలబడింది.

"రేపు రాలేనని డాక్టరమ్మగారికి మీరే చెప్పండి బావగారూ."

"ఆట అయ్యాక మాట్లాడదాం. ముందు ఈ పెట్టె పట్టు. ఇవాళ వార్షిక పోటీ."

ఆ పోటీలో విడ్డూరం జరిగింది. మొదటి ప్రత్యర్థికి జ్వరం, రాలేదు. రెండోవాడి పాచికలకు ఏం తెగులో, అన్నీ ఒకట్లే పడ్డాయి. సేనాపతి చరిత్రలో మొదటిసారి చివరి ఆటకు చేరాడు. ఎదురుగా బస్సు డ్రైవరు. పక్కన కిటికీ. చుట్టూ హాలంతా.

సేనాపతి సైన్యంలో సెలవు ఎరగనిది ఒక్క రాణి డాలే. ఆయనకు పని నేర్పిన గురువు తన పాత పెట్టెలోంచి తీసి ఇచ్చిన పన్ను అది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. "రాణి జోలికి మాత్రం వెళ్లకు," అని మరదలికి కూడా ఆజ్ఞ. ఆ డాలు ఉన్నంతసేపూ డ్రాగన్ మంట రాణిని ఏమీ చేయలేదు.

సాయంత్రానికి బల్ల మీద ఇద్దరే మిగిలారు. కొండ మీద రాణి, కింద డ్రాగన్. డ్రైవరుకు ఆఖరి వంతు ఒక్కటి ఉంది. ఎంత పడినా లాభం లేదని హాలంతటికీ తెలుసు.

"బావగారూ, గెలిచాం!"

ఆ అరుపు తనదేనని మరదలికి ఆలస్యంగా తెలిసింది. రెండు చేతులూ గాలిలో ఉన్నాయి. కిటికీలోంచి ఎండ నేరుగా మొహం మీద పడుతోంది. ఆమె నవ్వుతోంది.

సేనాపతి బల్లకేసి చూడటం మానేశాడు.

"అమ్మడూ, నోరు మూయకు. అలాగే ఉండు."

రాణిని తీసి ఆమె పళ్ల పక్కన పెట్టి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆయన మొహం అమావాస్య వెళ్లిపోయినట్టు వెలిగింది. చొక్కా జేబులోంచి చిన్న పట్టకారు తీశాడు. టిక్‌మని డాలు ఊడి వచ్చింది.

"సేనాపతిగారూ!" డ్రైవరు తల పట్టుకున్నాడు. "నా వంతు ఇంకా ఉందండీ! ఒక్క నిమిషం ఆగి పీక్కోవచ్చు కదా!"

"మబ్బు వస్తోందండీ. విడిగా పెట్టి చూడాలి. ఎండ ఆగుతుందా?"

చూశాడు. అతికినట్టు సరిపోయింది. ఆ తర్వాతే మబ్బు పట్టింది.

"మాస్టారూ, మనం చూడలేదనుకుందాం," అన్నాడు డ్రైవరు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడిచి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన మాట సేనాపతే అన్నాడు.

"బొమ్మ మీద లేనిది ఆటలో లేదు. వెయ్యండి."

రాణి కాలిపోయింది. పన్నెండో ఏడు కూడా ఓటమే. ఇంటికి వస్తూ దారంతా సేనాపతి ఈల వేస్తూనే ఉన్నాడు.

"రాణిగారి డాలు పోయిందిగా బావగారూ," అంది మరదలు.

"పోలేదు. సెలవు మీద పంపాను."

సోమవారం తొమ్మిది గంటలకు మరదలు క్లినిక్‌లో కుర్చీలో కూర్చుంది. కుడిచేతిలో కలం ఉంది. మొదటి పేరు ఎదుటి కుర్చీ దాకానే వినిపించింది. రెండో పేరు వీధి దాకా వినిపించింది. మూడో పేరు కిరాణా కొట్టావిడది.

"అరే, నువ్వటే!" ఆవిడ తల వెనక్కి వాల్చి పెద్దగా నవ్వింది. "ఏ గోడకి సున్నం కొట్టించారో ఇప్పుడు తెలియడం లేదే!"

మరదలు కలం ఆపింది. ఆవిడ నోట్లోకి చూస్తోంది. పై వరసలో, కుడివైపు, ఒక పన్ను. ఆ రంగు తనకు బాగా తెలుసు. పొగాకు దళం, ఎడమ నుంచి నాలుగోవాడు. ఏడాది పాటు తన చేత్తో దులిపింది.

"ఆ పన్ను ఎప్పుడు పెట్టించుకున్నారండీ?"

"పోయినేడు. మీ బావే పెట్టాడు. మిగిలిపోయిన పన్నే కదా, డబ్బులొద్దు, ఉంచుకోండి అన్నాడు. ఎందుకూ?"

"ఏం లేదు. లోపలికి వెళ్లండి."

ఆ రోజు క్లినిక్‌కు వచ్చినవాళ్లతో మరదలు అవసరం ఉన్నా లేకపోయినా మాట కలిపి నవ్వించింది. పోస్టుమాన్ నోట్లో పాలనురుగు వరసవాడు దొరికాడు. రంపం మిల్లు ముసలాయన నోట్లో ఇద్దరు. ఇంటికి వెళ్లి బీరువా తెరిచి, ఖాళీ చేతుల సిపాయిల్ని రాణితో సహా లెక్కపెట్టింది.

సేనాపతి సైన్యంలో మనుషుల పన్ను ఒక్కటీ లేదు. మనుషుల నోళ్లలో సేనాపతి సైన్యం డాళ్లు నలభై మూడు ఉన్నాయి.