అమరేందర్ సారుకు కిరీటం పడదు

కొందరికి వంకాయ పడదు, కొందరికి దుమ్ము పడదు, అమరేందర్ సారుకు కిరీటం పడదు. కంటికి కనిపిస్తే చాలు, చెవులు ఎర్రబడుతయి, అంగీ చేతులు మోచేతుల దాక మడుస్తడు. పుట్టినరోజు పిల్లగాని నెత్తి మీది అట్ట కిరీటాన్ని గూడ ఒదలలే. మరదలి కొడుకు మూడో పుట్టినరోజుకు పోయి, కేకు కోయకముందే దాన్ని గుంజి, "నీకెందుకురా రాజరికం? మనిషి లెక్క బతుకు!" అన్నడు. పిల్లగాడు ఏడ్చిండు. సారుకు కేకు పెట్టలే.

గసుంటి మనిషి దినాం నడిచే తొవ్వల, కల్వకుర్తి బస్టాండు ఎదురుగ, విజేందర్‌ది ఫ్లెక్సీల దుకాణం. సారు క్లాసుల కూసోని, డిగ్రీ సగంల ఇడిచిపెట్టి, ఈ దుకాణం పెట్టుకున్నడు. ఆయన కంప్యూటర్ల ఒక ఫోల్డర్ నిండ కిరీటాలే. వెండివి, బంగారువి, నెమలీకవి. ఎలక్షన్ల గెలిచినోనికి కిరీటం, ఓడినోనికి కిరీటం, బోరుల నీళ్లు పడ్డోనికి గూడ కిరీటం. సారు కాలేజీకి పోతపోత గడప కాడ ఆగెటోడు.

"ఇయ్యాల ఎవని నెత్తికి బెట్టినవు రా?"

"ఒక లీడర్‌కు సార్."

"వాడు ఏం గెలిచిండు?"

"ఏం గెలువలే. బర్త్‌డే."

"పుట్టుడు గూడ గెలుపేనారా! తీసెయ్!"

"తీస్తే నన్ను తంతరు. మీరు క్లాసుకు పోండ్రి సార్, బెల్లు గొట్టిన్రు."

సారు గెస్టు లెక్చరరు. చెప్పేది ఆధునిక అమెరికన్ నాటకం. చెప్పినట్టుండదు, కొట్లాటకు దిగినట్టుంటది. "పాత నాటకాలల్ల రాజు పడితేనే పడ్డట్టు!" అని బల్ల గుద్దెటోడు. "అమెరికోళ్లు వచ్చి అడిగిన్రు, గుమస్తా పడితే దెబ్బ తాకదా అని! తన పరువు కోసం, తనదనుకున్న జాగా కోసం ఎంత దూరమైన పోయెటోడు ఎవడైన హీరోనే. వానికి కిరీటం అక్కర్లే!"

విజేందర్ చదువుకునే రోజులల్ల, ఎనుక బెంచీ మీదికెళ్లి, "వాళ్లకు రాజులు దొరకక గుమస్తాలతోని నడిపిచ్చుకున్నరేమో సార్," అన్నడు. సారు చాక్‌పీసు ఇసిరిండు. అది కిటికీల నుంచి పోయి వరండాల నిలవడ్డ ప్రిన్సిపాల్ చాయ్‌ల పడ్డది.

ఈ ఏడు కాలేజీ వార్షికోత్సవానికి గసుంటి నాటకం మన ఊరి మనిషితోనే ఏపిస్తనని సారు పట్టుబట్టిండు. మనిషి గూడ దొరికిండు. బాలయ్య.

బాలయ్య పత్తి మిల్లు గేటు కాడ కావలి మనిషి. తీరినప్పుడు వీధి భాగోతాలల్ల రాజు వేషం కట్టెటోడు. మిల్లు సేటు ఆయన్ను ఎన్నడు పేరుతోని పిలువలే. "ఏయ్ గేటూ!" అనెటోడు. కెమెరాలు బెట్టినంక, "ఇంక నువ్వెందుకు, పో," అన్నడు. బాలయ్య పోలే. రోడ్డుకు ఇవుతల తుమ్మచెట్టు కింద స్టూలేసుకొని అదే గేటుకు కావలి కాస్తుండె.

ఆయన్ను దుకాణంలకు తోల్కొచ్చి సారు గంతులేసిండు. "చూడు రా విజేందర్, హీరో! ఈయన కతే నాటకం, ఈయనే యాక్టరు. ముఖ్య అతిథి ఎవరనుకున్నవు? ఆ సేటే!"

బాలయ్య కండ్లు మెరిసినయి. "ఆయన మొఖం మీద ఒక్కసారి నా పేరు చెప్పి దిగుత సార్. నాకింకేమొద్దు. మరి కిరీటమేది?"

సారు చెవులు ఎర్రబడ్డయి. "కావలోని వేషమే బాలయ్యా! లాఠీ, టోపీ, గంతే!"

"వేషం ఏదన్న గానీ సార్. నెత్తి మీద బరువుంటెనే నాకు గొంతు లేస్తది."

"గట్టిగ అరువు, లేస్తది!"

"ఉత్త నెత్తితోని సేటు ముంగట నా నోరు లేస్తే, నేనెందుకు గేటునైత సార్?"

రిహార్సల్‌ల బాలయ్య గొంతు దోమ లెక్క వచ్చింది. సారు ఆయనకు తువ్వాల చుట్టిండు, నెత్తి మీద డిక్షనరీ బెట్టిండు, ఆఖరికి స్టీలు గిన్నె బోర్లిచ్చిండు. దోమ దోమనే.

"అట్టతోని ఒకటి చేసిస్త సార్," అన్నడు విజేందర్.

"చేసినవంటే నీ దుకాణం తగలబెడ్త!"

వార్షికోత్సవం నాడు షామియానా సేటుది, భోజనాలు సేటువి. స్టేజీ ఎనుక ఫ్లెక్సీల సేటు నెత్తి మీద విజేందర్ బెట్టిన కిరీటం. అది సాలదన్నట్టు పోరలు నిజం కిరీటమే తెచ్చి ఆయన నెత్తికి తొడిగిన్రు, ఇత్తడిది, వెండి పూత. విజేందర్ సారు దిక్కు చూసిండు. చెవులు మండుతున్నయి గాని, బాలయ్య కోసం పండ్లు బిగవట్టి కూసున్నడు.

తెర లేచింది. బాలయ్య లాఠీతోని నడుమకొచ్చి నోరు తెరిచిండు. ఏం రాలే. మల్ల తెరిచిండు. గాలి వచ్చింది.

"ఏయ్ గేటూ! మాట మింగినవా?" అన్నడు ముందు వరుసల సేటు. షామియానా అంత పకపక నవ్వింది. బాలయ్య మెల్లగ ఎనుకకు మర్లిండు.

సారు లేచిండు. అంగీ చేతులు మడిచిండు. చక్కగ సేటు దగ్గరికి పోయి, "జర ఇటియ్యుండ్రి," అని నెత్తి మీదికెళ్లి కిరీటం గుంజుకున్నడు. ఇంక నేలకేసి కొడ్తడని విజేందర్ కండ్లు మూసుకున్నడు. చప్పుడు రాలే. తెరిచి చూస్తే సారు స్టేజీ మీద ఉన్నడు. బల్లిని పట్టుకున్నట్టు దాన్ని దూరంగ పట్టుకొని, మొఖం అంత వంకర పెట్టి, రెండు చేతులతోని బాలయ్య నెత్తిన తొడిగిండు.

"బరువు సరిపోయిందా?"

బాలయ్య నడుము నిటారయింది. లాఠీ నేలకు తాటిచ్చిండు.

"సేటూ!" షామియానా గుంజలు అదిరినయి. "నా పేరు గేటు గాదు! బాలయ్య! నువ్వు ఇంట్ల పంటే నీ మిల్లు కాడ మేల్కొని ఉన్న బాలయ్యను! ఏదీ, ఒక్కసారి పిలువు!"

సేటు చెయ్యి నెత్తి మీదికి పోయింది. అక్కడ బట్టతల తప్ప ఏం లేదు. ఊరంత ఆయన్నే చూస్తున్నది.

"బా... బాలయ్యా," అన్నడు.

"ఆఁ. గట్ల," అని బాలయ్య స్టేజీ దిగి ఇంటికి పోయిండు. నాటకం ఇంక చాన ఉండె. మిగిలింది ఎవ్వరు అడగలే.

తెల్లారి సారు దుకాణం కాడికి వచ్చిండు, కాలేజీకి పోయే తొందర లేకుంట.

"రావద్దన్నరా సార్?"

"అన్నరు."

"గుమస్తా పడితే దెబ్బ తాకుతదా సార్?"

"తాకింది రా, బాడ్కావ్. మంచిగనే తాకింది." సారు స్టూలు గుంజుకొని కూసున్నడు. "ఒక ఫ్లెక్సీ కొట్టు. బాలయ్యది. తుమ్మచెట్టుకు కట్టాలె. సేటు కారు దిగితే అదే కనవడాలె. పేరు పెద్దగ రాయి."

విజేందర్ ఫోటో ఎక్కిచ్చిండు, పేరు రాసిండు. చెయ్యి అలవాటుగ ఆ ఫోల్డర్ మీదికి పోయి ఆగింది. సారు చెవులు ఎర్రగయినయి. రోడ్డు దిక్కు మొఖం తిప్పుకున్నడు.

"బెట్టు."

"వెండిదా, బంగారుదా, నెమలీకదా సార్?"

"బరువున్నది బెట్టు!"