గడప ఇవతల

రూలంటే నాకు ప్రాణమని మా అంబులెన్స్ డ్రైవరన్న ఆటపట్టిస్తుంటాడు. నిజమే. గ్లౌజులు లేకుండా గాయం ముట్టను, సగం నింపిన ఫారం మీద సంతకం పెట్టను. పారామెడిక్‌గా తొమ్మిదేళ్ళు నన్ను నిలబెట్టింది ఆ మొండితనమే.

ఆ రోజు పొద్దున మైపాడు పక్క పల్లెలో ఒక ముసలాయన్ని ఎక్కించుకున్నాం. వల బాగుచేస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడట. ఆస్పత్రికి చేరిస్తే బతుకుతాడని ఆయన భార్యకు చెప్పి, ఆమెనూ ఎక్కించాను. ఇందుకూరుపేట దాటగానే నాడి ఆగిపోయింది. ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను.

ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. "బండి తిప్పించమ్మా. ఇంకా ఊపిరుండాదని చెప్పి ఇంట్లో పడుకోబెట్టేయ్. బయట పోయినోళ్ళని మావోళ్ళు గడప దాటనియ్యరు."

ఆయన లేవడని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. కానీ పోయాడని చెప్పాల్సింది డాక్టరు. అప్పటిదాకా నొక్కుతూ తీసుకెళ్ళడమే నా పని. అన్న అద్దంలోంచి నా వైపు చూశాడు.

"నెల్లూరికే పోనీ అన్నా," అన్నాను.

పోయాడని డాక్టరు రెండు నిమిషాల్లో చెప్పేశాడు. సాయంత్రం అదే దారిలో ఇంకో కేసుకు వెళ్తుంటే, వాళ్ళ వీధిలో టెంటు కింద ఆయన కనిపించాడు. వెనక ఇంటి తలుపు తెరిచే ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నాను.

ఎనిమిది నెలల తర్వాత ఆ ఇంటికే పిలుపు వచ్చింది. ఫోన్ చేసింది పక్కింటామె. ఈసారి ఛాతీ నొప్పి భార్యకు. మంచం మీద కూర్చుని ఉంది, ఒళ్ళంతా చెమట. నన్ను గుర్తుపట్టింది.

"నేను రానమ్మా. ఈడనే ఉంటా."

"ఆస్పత్రికి వస్తే బతుకుతావు పెద్దమ్మా."

"ఆయనప్పుడూ అదే చెప్తివి కదా."

బతిమాలాను. అరిచాను కూడా. ఆమె మంచం పట్టె వదల్లేదు. చావుకన్నా నా బండంటేనే ఆమెకు భయమని అప్పుడు అర్థమైంది. వద్దన్న మనిషిని మోసుకెళ్ళకూడదు, అదీ రూలే. రావడానికి ఒప్పుకోలేదని ఫారంలో రాసి, ఇంకు ప్యాడ్ ముందు పెట్టాను. ఆమె వేలిముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుంది.

మర్నాడు నేనే పక్కింటామెకు ఫోన్ చేశాను. తెల్లారేసరికి పోయిందట. నడింట్లో పడుకోబెట్టారట. ఫోన్ పెట్టేసి ఆ ఫారం తీసి చదివాను. ఒక్క తప్పూ లేదు.