మోడెమ్‌లోంచి మాట్లాడిన అక్క

రెండు ఊళ్ళ కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే ముందు ఫోన్ కలవాల్సిన కాలం అది. నాచారంలో ఒక మందుల కంపెనీలో ట్రెయినీగా చేరాను (ఉప్పల్ నుంచి సైకిల్ మీద, టై కట్టుకుని). మా రూటర్‌కు మోడెమ్ తగిలించి, అది రోజూ పదింటికి బొంబాయి హెడ్డాఫీసుకు తనంతట తానే ఫోన్ చేసేలా అమర్చడం నా పని. "శనివారం లోపల కలిపితే పర్మనెంట్. లేకుంటే సూద్దాం" అన్నారు మేనేజర్. ఆ 'సూద్దాం' అంటే ఏమిటో తెలుసుకోవాలని మాత్రం నాకు అనిపించలేదు.

మిగతా అన్నిటి మీదా కుతూహలమే. మోడెమ్ కీచుమంటోందని పక్కనున్న అకౌంట్స్ వాళ్ళు విసుక్కుంటే ముందుగా దాని స్పీకర్ ఆపేశాను. డయల్ టోన్ కోసం ఆగకుండా నంబర్ కొట్టేయమని స్క్రిప్ట్‌లో, అంటే రూటర్‌కిచ్చే ఆదేశాల పట్టికలో, రాశాను. లైన్ వేగం తగ్గించాను, పెంచాను, మాన్యువల్‌లో ఉన్న ప్రతి కమాండూ ఇదేం చేస్తుందో చూద్దామని కొట్టి చూశాను. నాలుగు రోజులపాటు మోడెమ్ దీపాలు వెలగడం, నిమిషంలో ఆరిపోవడం.

శుక్రవారం, లోపల అసలేం జరుగుతోందో విందామని స్పీకర్ తెరిచాను. పెట్టె నంబర్ కొట్టింది. తర్వాత స్పష్టంగా ఆడగొంతుతో, "హలో, ఎవరు? నంబర్ చెప్పకుంట గా కూతలేంది?" అంది.

నేను మోడెమ్ మీదికి వంగి, "నేనే మేడమ్, బొంబాయి కావాలి" అన్నాను (దానికి నోరుంది గానీ చెవి లేదని అప్పుడు తట్టలేదు).

"నాల్గు దినాల సంది గిదే లొల్లి" అని లైన్ కట్ అయింది.

మా ఫ్యాక్టరీలో ఏ ఫోన్ ఎత్తినా ముందు పలికేది గేటు పక్క గదిలో బోర్డు ముందు కూర్చున్న ఆపరేటరక్కే. ఆమెకు నంబర్ చెబితే ఆమె కలపాలి. చప్రాసీ దాకా అందరికీ తెలుసు. ట్రెయినీలు బయటికి ఫోన్ చేయకూడదు కనుక నాకొక్కడికే తెలియదు. పరుగున వెళ్ళి సంగతి చెప్పాను.

"అడిగితే చెప్పకపోతుంటినా తమ్మీ?" అంది అక్క. "పదింటికి నీ డబ్బాకు బయటి లైన్ కలిపి పెడ్త. ఫికర్ జెయ్యకు."

శనివారం బొంబాయి పలికింది. "ఏం మార్చినవ్?" అని మేనేజర్ అడిగితే "స్క్రిప్ట్ సార్" అన్నాను. పర్మనెంట్ అయ్యాను. సెట్టింగులన్నీ రిజిస్టర్‌లో రెండు పేజీలు శ్రద్ధగా రాశాను, అక్క సంగతి తప్ప.

సోమవారం అక్క సెలవు పెట్టింది. లైన్ కలవలేదు. మేనేజర్ చూస్తుండగా, చెవులు ఎర్రబడి, మొదటి పేజీ పైన ఇరికించి రాశాను: "ముందుగా అక్కను అడగాలి." ఆయన చదివి సంతకం పెట్టారు. ఇప్పటికీ ఏదైనా కలవకపోతే నా చేయి మాన్యువల్ మీదికే పోతుంది. ఆ టై కుర్రాడు గుర్తొచ్చి, నవ్వుకుని, లేచి ఎవరినైనా అడుగుతాను.