చింతపండుతో కడిగిన కాసు

ఈరోజు పొద్దున ఏడో వరుస ప్యానెళ్ల దగ్గరికి వెళ్లేసరికి చింతపండు వాసన గుప్పుమంది. తిరుమణి సోలార్ పార్కులో దుమ్ము వాసన ఉంటుంది, ఎండ ఎక్కితే ప్యానెళ్ల కింది ఎండుగడ్డి వాసన ఉంటుంది. చింతపండు ఎక్కడినుంచి వచ్చిందా అని చూస్తే, నేను మేస్త్రీగా ఉన్న ప్యానెళ్లు కడిగే గ్యాంగులో కొత్తగా చేరిన గంగమ్మ. బోరునీళ్ల ఉప్పు మరక వదలడం లేదని, ఇంటినుంచి తెచ్చుకున్న చింతపండు ముద్దను కొబ్బరిపీచుకు అద్ది అద్దం మీద రుద్దుతోంది. ఆ అద్దానికి సన్నటి పూత ఉంటుంది, ఉత్త నీళ్లూ మెత్తటి బ్రష్షూ తప్ప ఇంకేదీ తగలకూడదని చేరిన రోజే చెప్పాను. నన్ను చూడగానే చెయ్యి వెనక్కి దాచుకుని, "ఏం లేదు రత్నమ్మక్కా" అంది. నాలుగు మాటలు దులిపేద్దామని నోరు తెరిచాను. అంతలోనే ఆ పులుపు వాసన నన్ను పట్టుకుని మా ఇంటి పెరట్లోకి, మేష్ట్రుమామ కాలంలోకి లాక్కుపోయింది.

మేష్ట్రుమామ అంటే హనుమంతరాయప్ప మేష్ట్రు. పావగడ తాలూకాలో కర్ణాటక సర్కారు హైస్కూళ్లలో ఏళ్ల తరబడి చరిత్ర చెప్పి, రిటైరయి, భార్య పోయాక మా పక్కింట్లో ఒంటరిగా ఉండేవారు. ఊరికంతా మేష్ట్రు, ఆ వీధి కోడలినైన నాకు మామ. పొట్టి మనిషి, ఉతికిన తెల్ల పంచె, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం. కోపం వస్తే అందరిలా గొంతు పెంచేవారు కాదు, తగ్గించేవారు. ఆయన గొంతు తగ్గిందంటే పంచాయతీ మెంబర్లు కూడా కుర్చీలో సర్దుకుని కూర్చునేవాళ్లు. ఇంత పెద్దమనిషికి ఒకటే పిచ్చి. రెండువేల ఏళ్లు దాటిన గ్రీకు కాసులు సేకరించేవారు. అవి కూడా ఒకే ఒక్క ఊరివి, మెటాపాంటం అనే ఊరివి. ఇటలీ దేశానికి అడుగున, సముద్రం ఒడ్డున, గ్రీకువాళ్లు వలస వచ్చి కట్టుకున్న ఊరట అది. ఆయన దాన్ని చూడలేదు, చూడాలని కూడా అనుకోలేదు. బెంగళూరులో నాణేలు సేకరించేవాళ్ల సంఘం ఒకటుంటే, అక్కడ జరిగే మేళాలకు ఏడాదికి రెండుసార్లు బస్సెక్కి వెళ్లి, ఒకటో రెండో వెతికి తెచ్చుకునేవారు. ఇంతా చేసి ఇన్నేళ్లకు పోగైనవి పందొమ్మిది.

అన్ని ఊళ్లుండగా ఆ ఊరే ఎందుకని నేను ఒకసారి అడిగాను. ఆయన చిన్న రాగి కాసు ఒకటి నా అరచేతిలో పెట్టి, అంచులు పట్టుకుని చూడమన్నారు. ఒకవైపు ధాన్యపు దేవత ముఖం, రెండోవైపు బార్లీ కంకి, దాని పక్కన ఒక ఆకు. ఆయన అరసికెరెలో శెనక్కాయ పండించిన ఇంట్లో పుట్టినవారు. "రాజులు వాళ్ల మొగం అచ్చేసుకున్నారు, కొన్ని ఊర్లోళ్లు సింహం అచ్చేసినారు. ఈ ఊరోళ్లు పంట అచ్చేసినారమ్మా. మాకు అన్నం పెట్టేది ఇది, చూసుకోండి అన్నారు. ఇట్లాంటి ఊరు ఒకటి చాలదా నాకు?" అన్నారు. ఊళ్లోవాళ్లు నవ్వుకునేవాళ్లు, మేష్ట్రుకు పిల్లల్లేక చిల్లర పెంచుకుంటున్నాడని. అబద్ధం ఎందుకు, వాళ్లతోపాటు నేనూ నవ్వాను.

అప్పటికి మా నాలుగెకరాలు సోలారుకు లీజుకిచ్చేశాం. మా ఆయన ప్లాంటులో నీళ్ల ట్యాంకరు తోలేవాడు. నాకు మాత్రం చేతులు కట్టేసినట్టయింది. విత్తనం వేసేది లేదు, కలుపు తీసేది లేదు, కాయ వొలిచేది లేదు. పొద్దు పోక మేష్ట్రుమామకు సంగటి కెలికి ఇవ్వడానికి వెళ్లి, ఆ కాసుల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. పదో తరగతి చదివానని తెలిసి ఆయన నాకొక పని అప్పగించారు. కాసుల్ని కవర్లలో పెట్టడం, తీయడం. ఒక్కో కాసుకు ఒక్కో కాగితం కవరు, కవరు మీద ఆయన గుండ్రటి అక్షరాలు. ఏ కాసు, ఎక్కడ దొరికింది, తను ఏమనుకున్నారు, అది తప్పని ఎవరు చెప్పారు. తప్పును చెరిపేసేవారు కాదు. దానిమీద ఒక్క గీత గీసి, కింద సరైనది రాసి, చెప్పిన మనిషి పేరు రాసేవారు. ఆ పేరు రాయకుండా పెన్ను మూత పెట్టేవారు కాదు.

ఒకసారి నిడుగల్లు నుంచి గొర్రెలు తోలుకొచ్చిన ఓబళేశు నీళ్లడగడానికి వచ్చి, బల్లమీది కాసును ఊరికే వంగి చూశాడు. కంకి పక్కన ఆకుమీద ఏదో పురుగు ఉంటే, అది ఈగ అని మేష్ట్రుమామ ఏనాడో రాసుకున్నారు. ఓబళేశు చెంబు కింద పెట్టి, "ఈగ యాడిది మేష్ట్రూ, మిడత గదప్పా ఇది. ఎనక్కాలు చూడు, ఎట్ల మడిసి పెట్టుకోనుండాదో" అన్నాడు. మామ భూతద్దం తీసి ఆ కాళ్లు చూశారు. తర్వాత ఈగ మీద గీత గీసి రాశారు: మిడత. చెప్పినది ఓబళేశు, గొర్రెల కాపరి, నిడుగల్లు. చదువురాని ఓబళేశుకు ఆ రాసింది చదివి వినిపించారు కూడా. ఓబళేశు సిగ్గుపడిపోయి నీళ్లు తాగడం మరిచి వెళ్లిపోయాడు.

ఆ పందొమ్మిదింటిలో లేని కాసు ఒకటుండేది. ఆకుమీద ఎలుక కూర్చున్న కాసు. దానికోసం ఆయన పదకొండేళ్లు చూశారు. చివరికి బెంగళూరులో ఒక పెద్దాయన తన దగ్గర ఉందని, మీవి మూడిచ్చి తీసుకోమని చెబితే, గుండె రాయి చేసుకుని మూడు కాసులిచ్చి ఆ ఒక్కటి తెచ్చుకున్నారు. ఆ రోజు మా వీధి వీధంతా బెల్లం పంచారు. పంట పక్కన పురుగునూ ఎలుకనూ కూడా అచ్చేసినవాడు నిజమైన రైతు అని, మన శెనక్కాయకు గొంగళిపురుగు ఉన్నట్టే వాళ్లకూ కష్టాలున్నాయని, వచ్చినవాళ్లందరికీ చెప్పారు. దానిమీద సంఘం పత్రికలో వ్యాసం రాస్తే, ఉగాది అయిన మూడోరోజు ఆదివారం సభలో వచ్చి మాట్లాడమని, కాసును తెచ్చి చూపమని పిలుపు వచ్చింది. ఇన్నేళ్లూ వెనక బెంచీలో కూర్చుని, ఇంగ్లీషు రాక నోరు మెదపని మనిషి. ఆయన పంచెకు గంజి పెట్టింది నేనే. ఆయనకంటే నాకే సంబరం ఎక్కువ.

ఆ సంబరమే కొంప ముంచింది. ఉగాది ముందురోజు మా ఇంటి ఇత్తడి, రాగి సామాన్లన్నీ పెరట్లో వేసుకుని చింతపండుతో తోముతున్నాను. మామ పావగడకు వెళుతూ ఆయన ఇంటి చెంబులు కూడా ఇచ్చి వెళ్లారు. తోమిన చెంబులు పెట్టడానికి వాళ్లింట్లోకి వెళితే బల్లమీద ఎలుక కాసు కనబడింది. ఒళ్లంతా పచ్చగా, చిలుము పట్టి ఉంది. అంత పెద్దవాళ్ల ముందుకు ఈ మురికితో తీసుకుపోతాడా పిచ్చి మామ, పండగ పూట తళతళలాడించి ఇద్దామని తీసుకెళ్లి చింతపండు రుద్దాను. చిలుము పట్టిన రాగి బిందెలు ఎన్ని తోమాను నేను! భుజాలు పీక్కుపోతే కానీ వదలదు. ఇది తగిలించిన మరుక్షణం జారిపోయింది, నీళ్లు పచ్చరంగు కలిపినట్టయ్యాయి. కాసు మెరిసింది. అంచు చుట్టూ వెంట్రుక లాంటి గీత కూడా కనబడింది. ఎద్దు మెడలో గంట మీద ఉంటుందే, అచ్చులో పోత పోస్తే రెండు సగాలు కలిసే చోట మిగిలే గీత, అదే. పాత కాసుల్ని పోత పోయలేదని, కాల్చిన రాగి బిళ్లను సుత్తితో కొట్టి అచ్చేశారని, కాబట్టి అంచున గీత ఉండదని మామే నాకు పదిసార్లు చెప్పారు. మూడు అసలు కాసులిచ్చి తెచ్చుకున్నది నకలు.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. పొయ్యి వెనక మసి తీసి, ఆముదంలో కలిపి, కాసుకు పూసి, కవర్లో పెట్టి అంటించేశాను. కవర్లో పెట్టడం నా పనే కదా, మామ తెరిచి చూడలేదు. నా మీద అంత నమ్మకం. చెబితే ఆయన సభ పోతుంది, సంబరం పోతుంది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. పండగపూట తీపి ఓళిగ నోట పెట్టుకుంటే మట్టి తిన్నట్టుంది. అంతమంది ముందు ఎవడో ఒకడు ఆ గీత చూసి, మేష్ట్రు మోసగాడంటే? ఇదే రెండు రోజులూ నన్ను తినేసింది.

ఆదివారం పొద్దున తొలి బస్సుకు ఆయన వెళ్లి నిలబడ్డారు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి, రొప్పుతూ అంతా చెప్పేశాను. ఆయన అక్కడే కవరు చించి, కాసును ఎండకు పట్టి, భూతద్దంతో అంచు చుట్టూ చూశారు. బస్సు వచ్చి హారను కొడుతూనే ఉంది.

"పచ్చ ఎంతసేపటికి పోయింది?"

"తగిలించినట్టే పోయింది మామా."

"ఈ నలుపేంది?"

"మసి. నేనే పూసినా."

ఆయన గొంతు తగ్గింది. "కడిగింది తెలీక చేసినావు. మసి పూసింది తెలిసి చేసినావమ్మా" అని, కాసునూ చించిన కవరునూ జేబులో వేసుకుని బస్సెక్కేశారు. నేను రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను.

ఆ పొద్దు గూకేముందే తిరిగొచ్చి, అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన నీళ్లు తాగి చెప్పారు. సభలో లేచి నిలబడి, రాసుకున్న కాగితం మడిచి పక్కన పెట్టి, పత్రికలో తను రాసింది తప్పని, ఇది నకలని, మీరూ మీ కాసుల అంచు చూసుకోండని కన్నడంలోనే చెప్పి, కాసును అందరి చేతుల్లోకీ పంపించారట. కొందరు కిసుక్కున నవ్వారట. వెనక వరుసలో ఒక ముసలాయన మాత్రం చప్పుడు చేయకుండా తన జేబులోని కాసు తీసి అంచు చూసుకున్నాడట. "నవ్వినోళ్లు నవ్వినారులే. ఒకడు చూసుకున్నాడు గదా" అన్నారు మామ. మూడు కాసులు తీసుకున్న పెద్దాయన అప్పటికే కాలం చేశారు. ఆయనకూ తెలియదులే పాపం అని ఆ మాట అంతటితో వదిలేశారు. అంత పరువు పోగొట్టుకుని వచ్చిన మనిషి అంత నిమ్మళంగా ఎలా కూర్చున్నాడో నాకు అర్థం కాలేదు. దండం పెట్టాలనిపించింది, భయమేసి పెట్టలేదు.

నిమ్మళమంతా పైకే. నాలుగు రోజులు ఆయన పెట్టె తెరవలేదు, నాతో రెండు మాటలు కూడా మాట్లాడలేదు. సంగటి తీసుకుని వెళితే బల్లమీద పెట్టమని చెయ్యి చూపేవారు. ఇంక నన్ను కాసులు ముట్టనివ్వరనే అనుకున్నాను. ఐదోరోజు పిలిచి, ఆయన భూతద్దం నా చేతిలో పెట్టారు. ఆ భూతద్దాన్ని ఆయన ఎవరికీ ఇవ్వగా నేను చూడలేదు. "మిగిలినవి పదహారు ఉండాయి. అన్నిటి అంచులూ నువ్వే చూడు. నాకు ఇష్టమైనవి కాబట్టి నా కండ్లను నేను నమ్మను" అన్నారు. ఆ రోజంతా చూశాను. పదహారూ నిలబడ్డాయి. ఆ సాయంత్రం ఆయన సంగటి కడుపునిండా తిన్నారు, నేనూ తిన్నాను.

నాకు ప్లాంటులో ఉద్యోగానికి అర్జీ రాసిచ్చింది ఆయనే. మేస్త్రీనయిన మొదటి నెలలో నా కాలు జారి ఒక ప్యానెలు పగిలితే, గాలికి పగిలిందని రాసేయమన్నారు తోటివాళ్లు. రిజిస్టరులో నా పేరే రాశాను. ఇంజినీరు కసిరాడు కానీ జీతంలో కోత పెట్టలేదు, తర్వాత నేను ఏది రాసినా రెండోసారి అడగడం మానేశాడు.

మేష్ట్రుమామ పోయి రెండేళ్లయింది. పదహారు కాసులూ ఆయన చెప్పినట్టే ఒక మ్యూజియానికి చేరాయి. ఒక్క కవరు మాత్రం నాకని విడిగా పెట్టి పోయారు. ఎలుక కాసుది. ఆయన బతికుండగా ఆ కవరు మీద ఏం రాశారో చూసే ధైర్యం నాకు ఎప్పుడూ లేకపోయింది. మసి సంగతి రాసే ఉంటారని తెలుసు, తప్పును చెరిపే మనిషి కాదు కదా. ఆ కవరు ఇప్పుడు నా క్యారియరు సంచి లోపలి జేబులో ఉంటుంది, రోజూ పనికి నాతోనే వస్తుంది.

మధ్యాహ్నం బువ్వ తినేవేళ గంగమ్మ వచ్చి నా ముందు నిలబడింది. "అక్కా, పొద్దున చింతపండు రుద్దినా. రెండు ప్యానెళ్లకు" అంది. కళ్లలో నీళ్లు. కూర్చోమని, సంచిలోంచి ఆ కవరు తీసి, గుండ్రటి అక్షరాలు చదివి వినిపించాను. ఎలుక కాసు అనే మాట మీద ఒక గీత. కింద ఇలా ఉంది: "నకలు. కనుక్కున్నది రత్నమ్మ, తిరుమణి, చింతపండుతో. మసి పూసింది. తర్వాత తనే వచ్చి చెప్పింది."

ఆ తర్వాత రిజిస్టరు తెరిచి, ఏడో వరుస, రెండు ప్యానెళ్లు, చింతపండు, గంగమ్మ అని రాశాను. పెన్ను మూత పెట్టబోయి ఆగి, తనే వచ్చి చెప్పింది అని కూడా రాశాను.